మైనస్ మూడు కంటే ఎక్స్ పెద్దది

తిరుచానూరులో ఇల్లు కట్టుకున్నవాడు కాలింగ్ బెల్లు పెట్టించుకోకూడదు. మా ఇంటికి అటొక లాడ్జి, ఇటొక లాడ్జి. మధ్యలో ఉన్న పాపానికి రోజూ ఎవరో ఒకరు నా గేటు ముందు సంచులు దించి "రూములుండాయా సామీ?" అంటారు. తమిళనాడు సరిహద్దు అవతలివాళ్ళయితే "రూమ్ ఇరుక్కా?" అంటారు. విసిగిపోయి గేటుకు ఒక బోర్డు తగిలించాను: ‘ఇది లాడ్జి కాదు’. ఆ రోజు నుంచి బెల్లు కొట్టేవాళ్ళు రెట్టింపయ్యారు. దూరం నుంచి చూసేవాడికి ‘లాడ్జి’ అన్న మాటే కనబడుతుంది. ‘కాదు’ అన్నది బెల్లు కొట్టిన తరువాత తీరిగ్గా చదువుతాడు. మొన్న ఒక పెద్దాయన అట్లాగే కొట్టి, చదివి, నా వైపు నిష్ఠూరంగా చూసి, "కాదనేది ముందే రాయచ్చు గదా సామీ" అన్నాడు. తెలుగులో అది చివర్నే వస్తుందని ఆయనకు చెప్పబోయి మానుకున్నాను. ఎండ బాగా ఉంది, ఆయన చేతిలో రెండు సూట్‌కేసులున్నాయి.

వాక్యంలో ఏ మాట ముందు రావాలి, ఏది వెనుక రావాలి అన్న తగాదా నాకు కొత్తది కాదు. ఉద్యోగంలో ఒకసారి ఇరవైమంది పిల్లల పరీక్షా ఫలితాలు ఆ తగాదా మీదే ఆగబోయాయి.

అది నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఏప్రిల్ నెల. చిత్తూరులో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు రమ్మని ఉత్తర్వు వచ్చింది. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటును. ఉత్తర్వులో మాత్రం నా హోదా చీఫ్ ఎగ్జామినర్. ఈ పదోన్నతి పదకొండు రోజులు మాత్రమే ఉంటుంది, పన్నెండో రోజు మళ్ళీ మామూలు మాస్టరే.

స్పాట్ అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. పిల్లల జవాబుపత్రాలు వాళ్ళ జిల్లాలో దిద్దరు. వేరే జిల్లాకు పంపి, హాల్‌టికెట్ నంబరున్న భాగం చించి, దానికి బదులు ఒక కోడ్ నంబరు వేసి కట్టలు కడతారు. ఒక కట్టలో ఇరవై. ఆరుగురు అసిస్టెంట్ ఎగ్జామినర్లు ఎర్ర ఇంకుతో దిద్దుతారు. వాళ్ళ మీద ఒక చీఫ్ ఎగ్జామినరు. కట్టకు కొన్ని చొప్పున మళ్ళీ చూసి ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెడతాడు. కూడికలు సరిచూసేందుకు స్పెషల్ అసిస్టెంట్లుంటారు. అందరి మీద సబ్జెక్టుకొక అసిస్టెంట్ క్యాంప్ ఆఫీసరు. ఏ కట్ట ఏ ఊరిదో ఎవరికీ తెలియకూడదు. ఒకవేళ దస్తూరీని బట్టో, మరో దాన్ని బట్టో ఇది ఫలానా బడి అని తెలిసిపోతే, ఆ సంగతి చెప్పి కట్టను పక్కవాళ్ళకు అప్పగించాలి. మొదటి రోజు మైకులో చెప్పే పది నియమాల్లో ఇది ఏడోది. ఆ సమయానికి అందరూ టిఫిన్ టోకెన్ల కోసం లేచి నిలబడి ఉంటారు కాబట్టి, దీన్ని విన్నవాళ్ళు తక్కువ. నేను విన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మునిరత్నం ఒక కట్ట పట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చాడు. పలమనేరు వైపు కుర్రాడు, కొత్తగా స్పాట్‌కు వచ్చాడు, అందుకని శ్రద్ధగా దిద్దుతున్నాడు. పాతవాళ్ళు అతన్ని అప్పటికే "ఏమప్పా, కాగితాలకు సానబడతావుండావా?" అని ఆటపట్టిస్తున్నారు.

"సార్, ఈ కట్ట ఒకసారి సూడండి. ఇరవై మందికీ ఎవురో సెప్పి రాయించినారు," అన్నాడు.

అప్పటి పాత సిలబస్‌లో అసమీకరణాలు పదో తరగతిలోనే ఉండేవి. సమీకరణమంటే రెండు పక్కలూ సమానం. మధ్యలో రెండు అడ్డగీతలు. అసమీకరణమంటే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. మధ్యలో పక్షి తెరిచిన ముక్కులాంటి గుర్తు. ముక్కు తెరుచుకున్న వైపు పెద్దది, మొన ఉన్న వైపు చిన్నది. ఆ ఏడు బిట్ పేపర్లో ఒక ఖాళీ ఇచ్చారు: ‘< గుర్తుకు అర్థం ______’. జవాబు ‘కంటే తక్కువ’. అరమార్కు. మునిరత్నం తెచ్చిన కట్టలో ఇరవై మందీ ‘కంటే పెద్దది’ అని రాశారు.

"గుర్తుకు అర్థమే తలకిందులుగా రాసినారు సార్. సరే, తెలీదనుకుందాం. మరి ఇది సూడండి," అని లోపలి పేజీ తిప్పాడు.

లోపల ఒక లెక్క. 5 – 2x < 11 ను సాధించి, సాధనను సంఖ్యారేఖ మీద చూపమన్నారు. మా దగ్గరున్న మూల్యాంకన సూత్రాల ప్రకారం, అంటే కీ ప్రకారం, మెట్లు ఇవి: ఐదును అవతలికి తీసుకుపోతే –2x < 6. రెండు వైపులా –2తో భాగించాలి. ఋణ సంఖ్యతో భాగించినప్పుడు గుర్తు తిరగబడుతుంది కాబట్టి x > –3. గుర్తు తిప్పినందుకు విడిగా ఒక మార్కు. రాష్ట్రంలో సగంమంది పిల్లలు ఆ మార్కు దగ్గరే పడిపోతారు. ఈ ఇరవైమందిలో మాత్రం పడినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకంటే వాళ్ళు గుర్తును తిప్పనే లేదు. –2x ను అవతలి పక్కకు దాటించారు. 5 < 11 + 2x. పదకొండును ఇవతలికి తెచ్చారు. –6 < 2x. –3 < x. సంఖ్యారేఖ మీద –3 దగ్గర ఖాళీ సున్న చుట్టి, కుడి వైపంతా గీతలు గీశారు. పూర్తిగా సరైన జవాబు.

"గుర్తుకు అర్థం తెలీని పిల్లోళ్ళు లెక్క ఇంత కరెక్టుగా ఎట్లా సేస్తారు సార్? కుడిపక్కే గీతలు కొట్టాలని ఎట్లా తెలిసె? కిటికీలోనించి ఎవురో అరిసినారు, ఈళ్ళు రాసుకున్నారు," అన్నాడు మునిరత్నం.

వాదనలో లోపం లేదు. నేనైనా అతని వయసులో అదే అనేవాణ్ణి. అతని చేతిలో మాల్‌ప్రాక్టీసు ఫారం కూడా ఉంది, సగం నింపుకొని వచ్చాడు. దాని మీద అసిస్టెంట్ ఎగ్జామినరు రాస్తాడు, చీఫ్ సంతకం పెడతాడు, కట్ట వేరే కవరులో సీలు వేసి పైకి పోతుంది. ఫలితాల రోజు ఆ ఇరవైమంది పేర్ల ఎదురుగా మార్కులుండవు, ‘విత్‌హెల్డ్’ అని ఉంటుంది. తరువాత విచారణ. పరీక్ష గదిలో కాపలా ఉన్నవాళ్ళను, ఆ బడిలో లెక్కలు చెప్పినవాళ్ళను పిలుస్తారు. ఏ తప్పూ లేదని తేలినా, తేలేసరికి ఇంటర్ అడ్మిషన్లు అయిపోతాయి. పిల్లలకు ఒక ఏడాది పోతుంది. మాస్టరుకు పోయేది ఏడాదితో ఆగదు.

నేను సంతకం పెట్టడానికి ముందు, మామూలుగా చూసినట్టే లెక్క చివరిదాకా చూశాను. –3 < x కింద, మొదటి కాగితంలో, ఒక వాక్యం రాసి ఉంది. పరీక్షలో ఎవరూ అడగని వాక్యం: ‘మైనస్ మూడు కంటే ఎక్స్ పెద్దది.’

రెండో కాగితం తీశాను. మైనస్ మూడు కంటే ఎక్స్ పెద్దది. మూడోది. ఒకరిది గుండ్రటి దస్తూరి, ఒకరిది కోడి కెలికినట్టు, ఒకరు ‘పెద్దది’కి ఒత్తు మరిచిపోయారు. ఇరవై దస్తూరీల్లో ఒకే గొంతు వినబడింది. ఆ గొంతు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా వినలేదు.

ఏడో నియమం ప్రకారం నేను అప్పుడే లేచి ఆ కట్టను పక్క బల్ల మీద పెట్టాల్సింది.

ఆ గొంతు వసుంధర మేడానిది. అప్పటికి పదిహేనేళ్ళ కిందట ఆమె మా బడికి వచ్చినప్పుడు గణితం పోస్టులు రెండు. ఒకటి నాది, రెండోది ఖాళీగా ఉండి ఆమెకు వచ్చింది. సొంత ఊరు గూడూరు. సర్వీసులో నాకంటే నాలుగేళ్ళు చిన్న, వాదనలో అంతకు మించి పెద్ద. ఆమె వచ్చిన రెండో వారమే నా తరగతి గుమ్మం ముందు నుంచి పోతూ ఆగింది. లోపల నేను ‘3 < 5’ అని బోర్డు మీద రాసి, పుస్తకంలో ఉన్నట్టే చదివిస్తున్నాను: "మూడు, ఐదు కంటే చిన్నది."

విరామంలో టీ తాగుతూ అడిగింది. "సార్, మూడు తరువాత ఆ కామా ఎందుకు?"

వాక్యం అట్లా ఉంటుంది మేడం, అన్నాను.

"మీ ఇంట్లో ఎవురన్నా అట్లా మాట్లాడతారా? ‘మునెమ్మ, కామా, సుబ్బమ్మ కంటే పొట్టి’ అని?"

మా ఇంట్లో మునెమ్మ లేదన్నాను. ఆమె నవ్వలేదు. నా హాస్యానికి నవ్వని మొదటి సహోద్యోగి కాబట్టి కొంచెం జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాను. ఆమె చెప్పింది ఇది: ఇంగ్లీషువాడు ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే వాడి మాటల వరుస, గుర్తుల వరుస ఒకటే. వాడికి ముందు మూడు, తరువాత చిన్నది, తరువాత ఐదు. మన మాటలో దేనితో పోలుస్తామో అది ముందొస్తుంది, ‘కంటే’ దానికి అతుక్కొని వస్తుంది, అసలు సంగతి చివర వస్తుంది. 3 < 5 అన్నదాన్ని మన వరుసలో చదివితే "మూడు కంటే ఐదు పెద్దది" అవుతుంది. వెనక్కి పోనక్కరలేదు, కామా అక్కరలేదు. "బిడ్డ గుర్తు దగ్గర ఆగి ఎనక్కి తిరిగి సూడాల్సిన పనే లేదు సార్. ముందుకే పోతుంది."

అట్లయితే < గుర్తును పిల్లలు ‘పెద్దది’ అని చదువుతారు మేడం, దాని అసలు పేరు ‘తక్కువ’ కదా, అన్నాను.

"పేరు ఏదైతే ఏం సార్, పెద్దది ఏ పక్కుండాదో తెలిస్తే సాలదా?"

పరీక్షలో గుర్తుకు అర్థమేమిటని అడిగితే?

"అట్లాంటి ప్రశ్న ఇచ్చే పుణ్యాత్ముడు పుట్టనీండి, అప్పుడు సూద్దాం."

ఆయన పుట్టడానికి పదిహేనేళ్ళు పట్టింది.

గుర్తు తిప్పడం విషయంలోనూ ఆమెకు నాతో పడేది కాదు. ఋణ సంఖ్యతో భాగిస్తే గుర్తు తిరుగుతుందని నేను సూత్రం చెప్పేవాణ్ణి. ఎందుకు తిరుగుతుందని అడిగిన పిల్లలకు "తిరుగుతుంది, అంతే" అనేవాణ్ణి. ఆమె పిల్లలకు ముందు బోరుబావి చెప్పేది. రెండు వందల అడుగుల బోరు, ఐదు వందల అడుగుల బోరు. అంకె చూస్తే ఐదు వందలు పెద్దది, నేల నుంచి చూస్తే అదే ఇంకా కింద ఉంది. మైనస్ పెడితే పెద్దది కిందికి పోతుంది. ఆ సంగతి తెలిశాక, ఇక తిప్పే తలనొప్పే వద్దు, మైనస్ ఉన్నదాన్ని అవతలి గట్టుకు దాటించండి, అక్కడ అది ప్లస్ అయి బుద్ధిగా కూర్చుంటుంది అనేది. "తిప్పడం మరిసిపోతే లెక్క మునుగుతుంది సార్. దాటించడం ఎవురూ మరిసిపోరు," అనేది. నాది పద్ధతి, ఆమెది కిటుకు అని నేను, నాది కంఠస్థం, ఆమెది అర్థం అని ఆమె. ఆరేళ్ళు ఇట్లా సాగింది. హెడ్మాస్టరు సుబ్రమణ్యం సార్ మా ఇద్దరినీ చూసి "మీ ఇద్దరి మధ్య సమానం గుర్తు పడే రోజు నా సర్వీసులో సూస్తానా?" అన్నారు ఒకరోజు. ఆయన వేళాకోళానికే అన్నారు. ఆ రోజు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా టీ గ్లాసులు కడుక్కున్నాం.

అంతకు మించి ఏమీ జరగలేదు. జరగనిదాన్ని ఉద్యోగ జ్ఞాపకాల్లో రాయడం పద్ధతి కాదని తెలుసు. కానీ శుక్రవారం సాయంత్రం బస్సు దిగుతుంటే సోమవారం ఎంత దూరంలో ఉందో లెక్క వేసుకునేవాణ్ణని రాయకపోతే, తరువాత చేసిన పని అర్థం కాదు.

ఆరో ఏడు పిల్లలు తగ్గారు. పోస్టుల సర్దుబాటులో మా బడికి గణితం ఒక్కటి చాలన్నారు. నియమం సులువు: ఇద్దరిలో జూనియరు మిగులు, బదిలీ వాళ్ళకే. ఒకే ఒక వెసులుబాటు ఉంది. సీనియరు తనంతట తాను ‘విల్లింగ్’ అని రాసిస్తే, జూనియరు ఉండి సీనియరు పోవచ్చు. హెడ్మాస్టరు నన్ను పిలిచి కాగితం ముందు పెట్టారు. "మేడానికి బదిలీ వస్తే కుప్పం అవతల తమిళనాడు గట్టు మీద వస్తుందంట. ఏమంటావు?" అన్నారు.

ఆలోచించి చెబుతానన్నాను. నాకు తిరుపతి నుంచి బడిదాకా మారే పని లేకుండా ఒకే బస్సు, అదీ కిటికీ పక్క సీటు. మూడు రోజులు ఆలోచించాను. నాలుగో రోజు జాబితా గోడకు అంటించారు. నేను రాయలేదని ఆమెకు తెలుసు, రాయవచ్చని కూడా తెలుసు. చివరి రోజు తన క్లాసుల టీచింగ్ డైరీ నాకు అప్పగించి, అసమీకరణాలు సగంలో ఉన్నాయని, బి సెక్షనులో మూడో బెంచీ పిల్లకు బోరుబావి ఇంకోసారి చెప్పమని చెప్పి, "బస్సుకు టైమయింది సార్," అని వెళ్ళిపోయింది. ఆ పిల్లకు నేను సూత్రమే చెప్పాను.

రెండేళ్ళకు మ్యూచువల్ మీద, అంటే ఇంకో జిల్లా టీచరుతో స్థానం మార్చుకొని, సొంత ఊరు గూడూరు చేరిందని తెలిసింది. పెళ్ళి చేసుకోలేదని కూడా ఎవరో చెప్పారు. ఎవరో చెప్పారనడం సరికాదు, అడిగి తెలుసుకున్నాను. నా పెళ్ళి సంగతి మా నాయన చూస్తాడని నేను, నేను చెబుతానని ఆయన, ఇద్దరం మర్యాదగా ఎదురుచూస్తూ ఉండగా ఆయన కాలం చేశారు.

"సార్?" అన్నాడు మునిరత్నం. "సంతకం?"

ఈ కట్ట నేను వదిలేస్తే పక్క బల్ల మీది చీఫ్ దగ్గరికి పోతుంది. ఆయన మంచివాడే, కానీ సాయంత్రం ఐదున్నర మదనపల్లె బస్సు మీద ఆయనకున్న గౌరవం అందరికీ తెలుసు. మునిరత్నం ఫారం సగం నింపే ఉంది. ఆయన మిగతా సగం నింపుతాడు. వదలకపోతే, ఎవరి పిల్లలో తెలిసి కూడా దిద్దిన చీఫ్ ఎగ్జామినర్ని నేనవుతాను.

కట్ట నా ముందుకు లాక్కున్నాను.

"అప్పా, కూర్చో. ఈ ఇరవైమందికీ ఎవరో చెప్పి రాయించారంటావు. మిగతా బిట్లు కూడా ఒకే రకంగా ఉన్నాయా చూద్దాం," అన్నాను.

ఇద్దరం కలిసి ఇరవై బిట్ పేపర్లు బల్ల మీద పరిచాం. ఒకడు త్రికోణమితి బిట్లన్నీ వదిలేశాడు. ఇంకొకరికి శ్రేఢులన్నీ తప్పు. ఒకడు బహుళకం, మధ్యగతం ఒకదాని చోట ఒకటి రాశాడు. ఏ ఇద్దరివీ ఒకటిగా లేవు. ఒకటిగా ఉన్నది ఆ ఒక్క ఖాళీయే, ఆ ఒక్క లెక్కే.

"గోడ దూకి వచ్చి ఒక్క బిట్టు చెప్పి, అదీ తప్పు చెప్పి పోయేవాడు ఎవడప్పా?" అన్నాను.

మునిరత్నం తల గోక్కున్నాడు. "అది నిజమే సార్. అయితే అందరికీ ఒకటే తప్పు ఎట్లొచ్చె?"

మీ ఇంట్లో అన్నదమ్ములు ఎందరని అడిగాను. తనూ, తమ్ముడూ అన్నాడు. ఎవరు పొడుగని అడిగాను.

"నాకంటే మా తమ్ముడు పొడుగు సార్."

దాన్ని గుర్తుతో రాయమన్నాను. లెక్కల మాస్టరు కదా, వెంటనే ‘నేను < తమ్ముడు’ అని రాశాడు.

"ఇప్పుడు మొదటి నుంచి చదువు. వెనక్కి రాకుండా. మీ ఇంట్లో మాట్లాడినట్టు."

"నేను..." అని ఆగాడు. "నాకంటే..." వేలు గుర్తు మీదికి వచ్చింది. "నాకంటే తమ్ముడు... పొడుగు." వేలు అక్కడే ఉంచి గుర్తును కాసేపు చూశాడు. పక్క బల్లల వాళ్ళు కూడా దిద్దడం ఆపి చూస్తున్నారు. "యోవ్," అన్నాడు మెల్లగా, నన్ను కాదు, గుర్తును. "మనం ‘కంటే పొడుగు’ అనే గదా సదివింది!"

"చదివావు."

"అయితే సార్, ఇప్పుడు వీళ్ళది తప్పా, కీది తప్పా?"

"కీ ప్రకారం వీళ్ళది తప్పు. నీ తమ్ముడు మాత్రం పొడుగే."

అతను నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, శ్రద్ధగల కుర్రాడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. "వీళ్ళకు ఇట్లా నేర్పించినారని మీకు ఎట్లా తెలిసె సార్?"

పది క్షణాలు ఆకుపచ్చ పెన్ను మూత వెతికాను. అది నా జేబులోనే ఉంది.

"ముప్పై ఏళ్ళ సర్వీసప్పా," అన్నాను. అబద్ధం కాదు. జవాబూ కాదు.

అసిస్టెంట్ క్యాంప్ ఆఫీసరు దామోదరం సార్ దగ్గరికి కట్ట నేనే తీసుకెళ్ళాను. ఆయన అంతా విని, సగం నింపిన ఫారం నాకు వాపసిచ్చి, "రేపు పైనించి ఎవురన్నా అడిగితే నువ్వే సెప్పుకోవాల. నేను నీ సంతకం సూపిస్తా," అన్నారు. సరేనన్నాను. కట్ట మీద ఆకుపచ్చ ఇంకుతో రాశాను: ‘లెక్క ప్రత్యామ్నాయ పద్ధతిలో చేశారు, పూర్తి మార్కులు ఇవ్వాలి. బిట్ తప్పు, మార్కు లేదు.’ ప్రత్యామ్నాయ పద్ధతికి పూర్తి మార్కులివ్వాలని సూత్రాల్లోనే ఉంది. తప్పు బిట్టుకు ఇవ్వాలని ఎక్కడా లేదు. అందుకని ఇరవైమందికీ తలా అరమార్కు నేనే కొట్టేశాను. ఆ తరువాత, సంతకానికి నాలుగు కాగితాలు చూస్తే చాలు కానీ ఇరవై చూశాను. చివరి వాక్యం ఒక్కొక్కరిదీ చదివాను. మునిరత్నం "అన్నీ సూస్తా ఉండారేం సార్?" అని అడిగాడు. టోటల్ సరిచూస్తున్నానన్నాను.

పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు. మే నెలలో ఫలితాలు వచ్చాయి. విత్‌హెల్డ్ జాబితా పేపర్లో పడితే పై నుంచి కింది దాకా చదివాను. గూడూరు కేంద్రం అందులో లేదు.

వృత్తిరీత్యా దీని నుంచి నేను నేర్చుకున్నది రెండు. అందరిదీ ఒకటే తప్పయితే, కాపీ అని రాసేముందు ఆ తప్పు లోపల ఏదైనా పద్ధతి ఉందేమో వెతకాలి. ఒకడి తప్పు వాడి సొంతం, ఇరవైమంది తప్పు వాళ్ళ మాస్టరుది, కొన్నిసార్లు అది తప్పు కూడా కాదు. రెండోది ఏడో నియమం గురించి. అది సరైన నియమం. నేను దాన్ని తెలిసి మీరాను. మళ్ళీ అదే కట్ట వస్తే మళ్ళీ మీరతాను. ఇది చదివే కొత్త మాస్టర్లు మాత్రం మీరకూడదు.

జూన్‌లో బళ్ళు తెరిచాక ఒక శనివారం క్యాజువల్ లీవు పెట్టాను. కారణం రాయాల్సిన చోట ‘సొంత పని’ అని రాశాను. సర్వీసులో ఆ మాట నిజంగా రాసింది అప్పుడే. పొద్దున రైలుకు గూడూరులో దిగాను. అడిగినవాళ్ళకు చూపించడానికి ఒక సంచి తెచ్చుకున్నాను. గూడూరు నిమ్మకాయలు పచ్చడికి బాగుంటాయని మా వీధిలో అంటారు.

బడి స్టేషనుకు దూరం కాదు. తొమ్మిదో తరగతి గది బయట నిలబడ్డాను. లోపల బోర్డు మీద బోరుబావి బొమ్మ ఉంది, పక్కన అడుగుల లెక్క. ఆమె జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, పిల్లలకు ఒక లెక్క ఇచ్చి బయటికి వచ్చింది. ఆశ్చర్యపోయినట్టు కనబడలేదు. నా చేతిలోని ఖాళీ సంచిని చూసింది.

"నిమ్మకాయల యార్డు స్టేషనుకు అవతల పక్క సార్," అంది.

తెలుసన్నాను. వరండాలో నిలబడి స్పాట్ సంగతి మొత్తం చెప్పాను. కట్ట, మునిరత్నం, వాళ్ళ తమ్ముడు, ఆకుపచ్చ సంతకం, అన్నీ. ఫలితాలు వచ్చేశాయి కాబట్టి చెప్పినా పెద్ద నేరం కాదనుకున్నాను. పుణ్యాత్ముడు పుట్టాడని, అరమార్కు నేనే కొట్టేశానని కూడా చెప్పాను. ఆ మాటకు ఆమె నవ్వింది. పదిహేనేళ్ళలో నా మాటకు మొదటిసారి.

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. విల్లింగ్ కాగితం గురించి మొదలుపెట్టి, బస్సు గురించి చెప్పి, మధ్యలో ఆగాను. వాక్యంలో చివర రావాల్సిన మాట రాలేదు. లోపల పిల్లలు లెక్క అయిపోయిందని గోల చేస్తున్నారు. ఆమె తలుపు వైపు ఒక అడుగు వేసి, తిరిగి నా ముఖం చూసింది.

"బిడ్డల్ని కాపాడినారు, సంతోషం. అది జాబు రాసినా తెలిసేది. ఇప్పుడెందుకొచ్చినారు సార్?"